ఫోనులో బేరం: చేతిపనివారి ప్రశ్నలకు జవాబులు

చేతివృత్తుల వస్తువులను వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్మడం గురించి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చిన ప్రశ్నలివి. రాసినవారిలో ఎక్కువమంది పనివారు కాదు. వారికి ఫోను దగ్గర సాయపడుతున్న పిల్లలూ, మేనకోడళ్లూ, సంఘం లీడర్లూ. అందుకే జవాబులు కూడా వాళ్లకే ఎక్కువ వర్తిస్తాయి.

ప్రశ్న: మా మామయ్య ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేస్తారు. నేను డిగ్రీ చదువుతున్నాను. నా నంబరుతోనే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడూ తెరిచాను. తెలిసినవాళ్లను వందమందిని ఒక గ్రూపులో చేర్చి రోజూ ఫోటోలు పెడుతున్నాను. నెలకి మూడు ఆర్డర్లే వచ్చాయి, సగంమంది గ్రూపు వదిలేశారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
— అనకాపల్లి జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు నంబరు సంగతి. రేపు మీకు ఉద్యోగమో పెళ్లో కుదిరి ఊరు మారితే, మామయ్య దగ్గర కొన్నవాళ్లంతా మీ ఫోనుతోపాటు వెళ్లిపోతారు. కాబట్టి ఆయన పేరుమీద కొత్త సిమ్ తీసుకోండి. అందులో మామూలు వాట్సాప్ కాకుండా వాట్సాప్ బిజినెస్ యాప్ వేయండి. అది ఉచితమే. ఒకే నంబరు మీద రెండు యాప్‌లూ నడవవు కనుక ఇంటి మాటలకు పాత నంబరు, బేరానికి కొత్త నంబరు అని విడిపోవడం మంచిదే. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి, దాన్ని ఆయన ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. 'లింక్డ్ డివైసెస్' ద్వారా మీ ఫోనులో కూడా తెరుచుకుని జవాబులు మీరే ఇవ్వొచ్చు. ఖాతా మాత్రం ఆయనది.

ఇక గ్రూపు. అడగకుండా చేర్చినచోట ఎవరూ ఉండరు. ఉన్నవాళ్లు కూడా ఒకరు ధర తగ్గించమంటే అందరూ అదే పాట అందుకుంటారు. దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి. ఒక్కో జాబితాలో 256 మంది వరకు పడతారు, ఎవరికి వారికి విడిగా మెసేజ్ వచ్చినట్టే కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తాపడే మెలిక ఒకటుంది: అవతలివాళ్లు మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకుని ఉంటేనే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే కొన్న ప్రతివారినీ 'ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త బొమ్మలు వచ్చినప్పుడు పంపుతాం' అని ఒక్కసారి అడగండి. చేసుకున్నవాళ్లే మీ అసలు గిరాకీ. ఎక్కడో దొరికిన నంబర్లన్నిటికీ ఒకేసారి పంపితే, వాళ్లలో కొందరు రిపోర్ట్ కొట్టినా నంబరు ఆగిపోవచ్చు.

రోజూ ఫోటోలు పంపడం మానండి. పదిహేను రోజులకొకసారి, సరుకు చేతిలో ఉన్నప్పుడు పంపితే చాలు. రోజువారీ సంగతులకు స్టేటస్ ఉంది, చూడదలచినవాళ్లు చూస్తారు.

కేటలాగులో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు. మీరు 12తో మొదలుపెట్టండి. ఒక్కోదానికి ఒక కోడు ఇవ్వండి: ఏ1, ఏ2 అని. 'ఆ ఎర్రది, పక్కనున్న చిన్నది' అని ఆర్డరిచ్చినప్పుడే తప్పు బొమ్మ పార్సిలవుతుంది. పేరు, ఎత్తు సెంటీమీటర్లలో, ధర, సిద్ధంగా ఉందా లేక చేయడానికి ఎన్ని రోజులు, ఈ నాలుగూ ప్రతి వస్తువు కిందా ఉండాలి. 'అంకుడు కర్రతో, లక్కతో చేసినది' అన్న ఒక్క వాక్యం కూడా రాయండి. ప్లాస్టిక్‌కీ దీనికీ తేడా ఏమిటని అడిగే ప్రశ్నలు సగం అక్కడే తీరిపోతాయి.

పదేపదే రాసే జవాబులను 'క్విక్ రిప్లైస్'లో దాచుకోండి. కొరియర్ ఖర్చు, ఎన్ని రోజుల్లో వస్తుంది, డబ్బు ఎలా పంపాలి, విరిగితే ఏం చేస్తారు అన్న నాలుగింటితో చాలావరకు గడిచిపోతుంది. ఆర్డర్లను 'లేబుల్స్'తో గుర్తుపెట్టండి: అడ్వాన్సు రావాలి, చేస్తున్నాం, పార్సిల్ అయింది, అందింది. ఈ చిన్న పని వదిలేసినవాళ్లే రెండోనెలకి ఎవరికి ఏది పంపారో తెలియక తికమకపడతారు.

ఇన్‌స్టాగ్రామ్‌ను మూసేయకండి. అది కొత్తవాళ్లను తెస్తుంది, బేరం మాత్రం వాట్సాప్‌లో తెగుతుంది. బయోలో వాట్సాప్ లింకు పెట్టండి. తిరుగుతున్న లేతు (కర్రను తిప్పే యంత్రం) మీద లక్క కడ్డీ ఆనించగానే రంగు పాకే దృశ్యం మొదటి మూడు సెకన్లలో కనిపించే రీలు, అందంగా పేర్చిన ఇరవై ఫోటోలకంటే ఎక్కువ పనిచేస్తుంది. బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు దొరకవు. బాధపడనక్కర్లేదు, లేతు చప్పుడే ఉంచండి. ఫేస్‌బుక్ ప్రస్తుతానికి వదిలేయొచ్చు.

ప్రశ్న: మేము పోచంపల్లి పట్టుచీరలు నేస్తాం. ఫోటోలో చూసిన రంగు వేరు, వచ్చిన రంగు వేరు అంటూ నెలలో రెండు చీరలు వెనక్కి వచ్చాయి. మంచి ఫోనే వాడుతున్నాం.
— యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: ఫోనును నిందించి లాభం లేదు. ట్యూబులైటు, బల్బు, కిటికీ వెలుగు మూడూ కలిసిన గదిలో ఏ ఫోనూ రంగు సరిగా పట్టలేదు. పట్టుకి మెరుపు ఉంటుంది కాబట్టి ఒక పక్కనుంచి నీలిరంగు, ఇంకో పక్కనుంచి నేరేడురంగు కనిపిస్తుంది. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డదారాలు) ఇంకో రంగు అయిన చీరల్లో ఇది మరీ ఎక్కువ.

పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య, ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. లైట్లన్నీ ఆర్పేయండి, ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. మొదటి ఫోటోలో చీర పక్కన ఒక తెల్లకాగితం పెట్టండి. కాగితం ఫోనులో పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అంతే మారిందన్నమాట. చోటు మార్చి మళ్లీ తీయండి. వెనక గోడ ఎరుపో ఆకుపచ్చో అయితే ఆ ఛాయ చీరమీద పడుతుంది. తెల్ల దుప్పటి కట్టుకోండి.

చీరకి ఆరు ఫోటోలు: మొత్తం, కొంగు, బోర్డరు, బ్లౌజు ముక్క, వెనకవైపు, ఏదైనా నేత లోపం ఉంటే అది. లోపం ముందే చూపిస్తే చీర వెనక్కి రాదు. వెనకవైపు ఫోటో ఎందుకంటే, పోచంపల్లి నేత అయిన ఇక్కత్‌లో దారానికి ముందే చిటికి కట్టి (రంగు అంటకూడనిచోట బిగించి కట్టి) రంగు వేసి ఆ తర్వాత నేస్తారు కనుక నమూనా రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన నకిలీలో వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. నమూనా అంచులు కాస్త పాకినట్టు ఉండటం కూడా చిటికి పని లక్షణమే. అది రాయకపోతే కొత్తవాళ్లు లోపమనుకుంటారు. వీటితోపాటు చీరను చేత్తో అటూఇటూ కదుపుతూ పదిహేను సెకన్ల వీడియో ఒకటి తీయండి.

పంపేటప్పుడు 'హెచ్‌డీ' ఎంచుకోండి, లేకపోతే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. డబ్బు తీసుకునేముందు ఒక్క మాట రాయించుకోండి: 'వీడియో చూశాను, రంగు సరే'. గొడవలు చాలావరకు అక్కడే ఆగుతాయి.

ప్రశ్న: ధర పెట్టకుండా 'ధర కోసం డీఎం చేయండి' (విడిగా మెసేజ్ పెట్టండి) అంటే ఎక్కువమంది అడుగుతారని ఒక శిక్షణలో చెప్పారు. నిజమేనా?

జవాబు: అడుగుతారు, కొనరు. అడిగిన ప్రతివారికీ జవాబివ్వడానికి దుకాణాలకు మనుషులున్నారు, పనివారికి ఆ తీరిక లేదు. ధర పెట్టండి.

అసలు చిక్కు ధర కట్టడంలోనే ఉంది. చాలామంది ముడిసరుకు ఖర్చు వేసి, పైన 'ఏదో కొంత' కలుపుతారు. లెక్క ఇలా వేయాలి, అంకెలు మీవి వేసుకోండి. ఒక బొమ్మకి ముడిసరుకు రూ.150. పని ఒకటిన్నర రోజు, రోజుకి 700 చొప్పున రూ.1,050. ప్యాకింగు రూ.70. ఇంతవరకు 1,270. దారిలో విరిగేవాటికి, తిరిగొచ్చేవాటికి అయిదు శాతం, అంటే సుమారు రూ.65. ఫోటోలు తీసి జవాబులిచ్చిన వారి సమయానికి రూ.80. మొత్తం 1,415. కొరియర్ విడిగా. చివరి 80ని చాలామంది కొట్టేస్తారు, ఎందుకంటే ఆ పని ఇంట్లో పిల్లలు ఉచితంగా చేస్తున్నారు. వాళ్లు మానేసిన రోజు ఆ పనికి ఎవరినైనా పెట్టుకోవాలంటే డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకొకటి. ఒకేసారి యాభై బొమ్మలు కొనే దుకాణం ఉంటే, దుకాణంవారు అమ్మే ధరకంటే బాగా తక్కువకి ఫోనులో అమ్మకండి. ఆన్‌లైన్‌లో నెలకి పది అమ్మి ఆ యాభై పోగొట్టుకోవడం లాభమేమీ కాదు.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు కొరియర్‌లో పంపితే చేతులు, కొమ్ములు విరుగుతున్నాయి. 'ఫ్రాజైల్' స్టిక్కర్లు అంటించినా అంతే. ప్యాకింగు ఖర్చు పెంచితే కొరియర్ బిల్లు కూడా పెరుగుతోంది.
— ఎన్టీఆర్ జిల్లా నుంచి ఒక స్వయం సహాయక సంఘం

జవాబు: స్టిక్కరును ఎవరూ చదవరు. పెట్టె నడుమెత్తు నుంచి మూలమీద పడుతుందనే లెక్కతోనే కట్టాలి.

కొండపల్లి బొమ్మలో ఒళ్లు, చేతులు, కొమ్ములు విడివిడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తెల్ల పొణికి చెక్క తేలిక, దానంతట అది విరగడం తక్కువ. విరిగేది అతుకు దగ్గరే. కాబట్టి బొమ్మ చుట్టూ బబుల్ షీటు ఎంత చుట్టామన్నది రెండోమాట. బయటికి పొడుచుకొచ్చిన భాగం మీద బరువు పడకుండా చూడటం మొదటిది. బబుల్ షీటును గట్టిగా లాగి చుడితే ఆ బిగువుకే చెయ్యి ఊడుతుంది.

రంగు పూర్తిగా ఆరాలి. ఎనామిల్ రంగు అయితే పైకి ఆరినట్టు కనిపించినా మూడు నాలుగు రోజులు ఆగండి, లేకపోతే షీటు అంటుకుని బుడగల గుర్తులు పడతాయి. ముందు మెత్తటి టిష్యూ కాగితం. తర్వాత చేతికీ ఒంటికీ మధ్య, ఎద్దు కొమ్ముల మధ్య, తాటిచెట్టుకీ గీతకార్మికుడికీ మధ్య ఉన్న ఖాళీల్లో కాగితపు ఉండలు లేదా దూది నింపండి. బొమ్మ ఆకారం ఒక ముద్దలా తయారవ్వాలి. అప్పుడు బబుల్ షీటు రెండు చుట్లు, వదులుగా. దాన్ని సరిపోయే చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను అయిదు పొరల అట్టపెట్టెలో పెట్టండి. రెండు పెట్టెల మధ్య అన్నివైపులా 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, అందులో నలిపిన కాగితం కూరండి. మూసి ఊపితే లోపల ఏమీ కదలకూడదు. దశావతారాల సెట్టయితే ఒక్కో బొమ్మకి ఒక్కో అట్ట గడి. లేకపోతే ఒకదాన్నొకటి విరుచుకుంటాయి. మొదటిసారి రంగు చెడిన బొమ్మనొకదాన్ని ఇలాగే కట్టి మూలమీద పడేసి చూడండి.

బిల్లు ఎందుకు పెరుగుతుందంటే, కొరియర్‌వారు అసలు బరువు, పెట్టె పరిమాణం బరువు రెండింటిలో ఎక్కువదానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలావరకు 5000తో భాగిస్తారు. 30×30×30 పెట్టె అంటే 27,000, భాగిస్తే 5.4 కిలోలు. లోపల బొమ్మ 900 గ్రాములే అయినా సరే. అదే 30×20×20 పెట్టెలో సర్దగలిగితే 2.4 కిలోలు. కాబట్టి బొమ్మలు చేసేటప్పుడే రెండు మూడు పెట్టె కొలతలు అనుకుని వాటికి సరిపడేవే ఆన్‌లైన్‌లో పెట్టండి. పెద్ద అంబారీ ఏనుగును చేతికిచ్చే గిరాకీకే ఉంచండి.

ఇదే కొలత ఏటికొప్పాక వారికి కూడా పనికొస్తుంది. అక్కడ భయం విరగడం కంటే వేడి. ఎండాకాలం వ్యానులో లక్క మెత్తబడి షీటు అచ్చు పడుతుంది. నూలు గుడ్డ చుట్టి ఆపైన షీటు వేస్తే ఆ బెడద తగ్గుతుంది.

పెట్టె విప్పుతూ వీడియో తీసి 48 గంటల్లోపల పంపితేనే విరిగినదానికి బదులు ఇస్తామని ముందే రాయండి. కొద్దిగా విరిగితే కొత్తది పంపడం కంటే కాస్త జిగురు, ఆ రంగు చుక్క ఒక చిన్న సీసాలో పంపడం నయం. కొనేవాళ్లు కూడా దీనికి సంతోషంగానే ఒప్పుకుంటారు.

ప్రశ్న: సైన్యంలో అధికారినని చెప్పి ఒకాయన పది ఇత్తడి పలకలు కావాలన్నాడు. బేరమాడలేదు. క్యూఆర్ కోడు పంపి స్కాన్ చేస్తే డబ్బు పడుతుందంటున్నాడు. నమ్మొచ్చా?
— పెంబర్తి

జవాబు: వద్దు. డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. వీళ్లు ముందు ఒక్క రూపాయి పంపి నమ్మిస్తారు, ఆ తర్వాత పెద్ద మొత్తం. యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు పంపడం కూడా అందులో భాగమే. బేరమాడకపోవడం, సైజు కూడా అడగకపోవడం అన్నిటికంటే పెద్ద గుర్తు.

ఇంకో రెండు రకాలున్నాయి. ఒకటి, డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపి 'వెంటనే పార్సిల్ చేయండి' అనడం. స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు యాప్ తెరిచి చూసిన బ్యాలెన్సే సాక్ష్యం. రెండు, 'పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వేయండి' అనడం. నిజంగా పడిందో లేదో ముందు చూసుకోండి. ఆర్డరు వివరాలంటూ పంపే యాప్ ఫైళ్లను తెరవొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. మొదటి గంటల్లో చెబితేనే ఆ మొత్తాన్ని ఆపగలిగే వీలుంటుంది.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీకి ఆర్డర్లు వస్తున్నాయి కానీ అనుకున్న తేదీకి ఇవ్వలేకపోతున్నాం. మధ్యలో డిజైన్ మార్చమంటారు. పార్సిల్ చేతికి వచ్చాక 'వాసన వస్తోంది' అంటారు.

జవాబు: తేదీ చెప్పేముందు ఆకాశం చూడండి. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేయడం దగ్గర్నుంచి, పటిక పెట్టడం, రంగులో ఉడకబెట్టడం, పారే నీటిలో ఉతకడం దాకా ప్రతి మెట్టు దగ్గరా ఎండ కావాలి. వానాకాలం ఆర్డరుకి మామూలు గడువుకి సగం కలిపి చెప్పండి. ముందే ఇస్తే ఎవరూ తిట్టరు.

మార్పులకు ఒకే ఒక చోటు పెట్టండి: చింతబొగ్గుతో గీత గీసిన దశ. ఆ ఫోటో పంపి 'సరే' అన్న మాట తెప్పించుకోండి. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన కసిం (నల్లరంగు) గీత పడ్డాక దిద్దుబాటు లేదని ముందే తెలియజేయండి. సగం డబ్బు ఆర్డరుకి, మిగతాది పూర్తయిన వీడియో చూపించాక, పార్సిలుకి ముందు. ఫలానా పేరు, ఫలానా తేదీ రాయించుకున్న వస్తువును వెనక్కి తీసుకోలేమని కూడా ముందే చెప్పాలి.

వాసన పాలది, కరక్కాయది. అది సహజ రంగు లక్షణమనీ, నీడలో గాలికి ఆరేసి విడిగా చల్లనీటిలో ఉతికితే తగ్గుతుందనీ చిన్న చీటీ రాసి పెట్టెలో వేయండి.

ప్రశ్న: ఇంటిదగ్గర చేసి వేరే రాష్ట్రాలకు పంపితే జీఎస్టీ నంబరు తప్పనిసరి అంటున్నారు. బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు కూడా కావాలట. నిజమా?

జవాబు: సగం నిజం. మామూలు సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే నమోదు తప్పనిసరే. హస్తకళా వస్తువులకు మాత్రం 2017 నుంచే మినహాయింపు ఉంది. ఏడాది మొత్తం అమ్మకాలు 20 లక్షలు దాటనంతవరకు నమోదు లేకుండా రాష్ట్రం దాటించొచ్చు. దీనికి రెండు షరతులు. పాన్ ఉండాలి. విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. మామూలు సరుకుకి ఉన్న 50,000 పరిమితి ఇక్కడ వర్తించదు. ఈ రెండో షరతు తెలియక చాలామంది ఇబ్బందిపడతారు. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయకూడదు. పెద్ద ఈ-కామర్స్ సైట్లలో అమ్మడం వేరే దారి: 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్నవారికి వీలు కల్పించినా, అది సొంత రాష్ట్రం లోపలి అమ్మకాలకే.

పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన పనివారు చేసి అమ్మేవాటికి దీన్నుంచి మినహాయింపు ఉంది. అందుకే మామయ్యకో బాబాయికో 'పెహచాన్' గుర్తింపు కార్డు లేకపోతే ముందు అది తీయించండి. కార్డు ఫోటోను మాత్రం కొన్నవాళ్లకు పంపొద్దు. అందులోని వివరాలతో మోసాలు చేయొచ్చు.

ప్రశ్న: మా డిజైన్ ఫోటోలు తీసుకుని వేరేవాళ్లు తమవంటూ పెడుతున్నారు.

జవాబు: పూర్తిగా ఆపలేరు. ఫోటో మూలన కాకుండా వస్తువు మీదుగా పేరు సన్నగా వేయండి, మూలన వేస్తే కత్తిరించేస్తారు. చేస్తున్న చేతులు, మగ్గం, సగం పూర్తయిన పని కనిపించే వీడియోలు ఎక్కువ పెట్టండి. ఎత్తుకెళ్లినవాళ్ల దగ్గర అవి ఉండవు. ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది. అసలు ఫోటో ఫోనులో తేదీతో సహా ఉంచుకుంటేనే అది నిలుస్తుంది, కాబట్టి జాగా లేదని చెరిపేయకండి.

ప్రశ్న: అమెరికా నుంచి తోలుబొమ్మ దీపాలు అడుగుతున్నారు. పంపొచ్చా?
— నిమ్మలకుంట

జవాబు: పంపొచ్చు కానీ అమ్మకంగా పంపాలంటే ముందు ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతి కోడు) కావాలి. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) వెబ్‌సైటులో పాన్‌తో తీసుకోవచ్చు, రుసుము రూ.500. తర్వాత దగ్గర్లోని 'డాక్ ఘర్ నిర్యాత్ కేంద్ర' (తపాలా ఎగుమతి కేంద్రం) ఉన్న తపాలా కార్యాలయంలో కాగితాలకు సాయం చేస్తారు. తోలు జంతు ఉత్పత్తి కనుక ఆ దేశపు నిబంధనలు అక్కడే అడిగి తెలుసుకోండి. ఒకటి రెండు దీపాల కోసమైతే ఇంత పని ఎందుకు? వాళ్లకి ఇక్కడ బంధువులుంటే వాళ్లచేత యూపీఐలో కట్టించి, సెలవులకి వచ్చినప్పుడు తీసుకెళ్లమనండి. తోలును మడవకుండా గొట్టంలో వదులుగా చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వేసి ఇవ్వండి.